ఐదో నంబరు పొట్టేలు

నాగూర్ వలి శవం కొమ్మమూరు కాలువలో తేలిందన్న కబురు మద్రాసు చేరేసరికి జాన్ బాషా మంగలి కుర్చీలో ఉన్నాడు. సగం గడ్డం గీయడం పూర్తయింది. మిగతా సగం నురగ తువ్వాలుతో తుడుచుకుంటూనే వీధి చివర ఆగిన నల్లకారు ఎక్కాడు.

అది 1963 ఫిబ్రవరి. సత్తెనపల్లి పత్తి వ్యాపారి కొడుకైన బాషాకు గూఢచార డిపార్ట్‌మెంట్‌లో మంచి పేరుంది. రంగూన్, కొలంబో, సింగపూర్, ఎక్కడికి పంపినా పని ముగించుకుని, ఇస్త్రీ చెదరని సూట్‌లో తిరిగొచ్చేవాడు.

"సూట్ ఇక్కడే వదిలెయ్. గడ్డం మొత్తం తీసేసి మీసం ఉంచు," అన్నాడు కర్నల్ అతన్ని చూడగానే. "నాగూర్ వలి కాపలా కాస్తున్నది ఐదో నంబరుకి. ఇప్పుడా పని నీది."

"ఎవరు సార్ ఈ ఐదో నంబరు? మన ఏజెంటా?"

కర్నల్ టేబుల్ మీదుగా ఒక ఫోటో జరిపాడు. అందులో ఒక పొట్టేలుంది. తెల్లటి ఒళ్ళు, నల్లటి ముఖం. కెమెరా వంక చాలా నిర్లక్ష్యంగా చూస్తోంది. బాషా ఫోటో వెనక్కి తిప్పి చూశాడు. అక్కడ ఇంకేం లేదు.

కర్నల్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. గుంటూరులో అమరావతి రోడ్డు మీద ఒక చిన్న రీసెర్చ్ సెంటర్ ఉంది. దాన్ని నడిపేది డాక్టర్ బాలస్వామి. రోగి ఒంట్లోంచి క్యాన్సర్ గడ్డ ముక్క తీసి, నూరి, గొర్రెలకు ఎక్కిస్తాడు. గొర్రె రక్తం దాన్ని శత్రువుగా గుర్తుపట్టి యాంటీబాడీలను తయారుచేస్తుంది. వాటిని రక్తంలోంచి వేరుచేసి, ఒక్కో దానికి రేడియో అయొడిన్ తగిలించి, తిరిగి రోగికే ఇంజక్షన్ ఇస్తాడు. అవి ఒళ్ళంతా గాలించి గడ్డ దగ్గరికి పోయి అతుక్కుంటాయి. అయొడిన్ అక్కడే కూర్చుని గడ్డను కాలుస్తుంది.

"గూఢచారి వీపుకి బాంబు కట్టి పంపినట్టన్నమాట," అన్నాడు బాషా.

"అంతే. కాకపోతే ఈ గూఢచారి దారి తప్పకూడదు. ఐదు గొర్రెలకు ఎక్కిస్తే, నాలుగింటి యాంటీబాడీలు దారి తప్పి కాలేయంలో చేరాయి. ఐదోదానివి మాత్రం తిన్నగా గడ్డకే పోతున్నాయి. ఎందుకో డాక్టరుకే తెలీదు. మళ్ళీ అలాంటి పొట్టేలు దొరకాలంటే ఏళ్ళు పట్టొచ్చు. అందాకా ఇప్పుడు ఆ మందు తీసుకుంటున్న రోగి బతకదు."

ఆ పొట్టేలు కోసం 'నార్త్ స్టార్' దిగింది. మందులు దొంగిలించి తమ పేరున పేటెంట్ చేసుకునే విదేశీ ముఠా అది. వాళ్ళ మనిషి వెస్టన్, పొగాకు కొనే దొరగా గుంటూరులో మకాం వేశాడు. పొట్టేలును ఓడ ఎక్కించి, వెనకాల డాక్టరు నోరు శాశ్వతంగా మూయించాలన్నది ప్లాన్.

కర్నల్ రెండో ఫోటో తీశాడు. ఏదో గార్డెన్ పార్టీ. వెస్టన్ పక్కన లేతరంగు చీరలో, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒక స్త్రీ నిలబడి ఉంది. బాషా పేరు అడగలేదు. కొలంబోలో ఆమెతో కలిసి పనిచేశాడు. నిఖా మాటలు కూడా అయ్యాయి. ఒకరోజు హోటల్ గది ఖాళీ చేసి, చిన్న చీటీ కూడా పెట్టకుండా వెళ్ళిపోయింది. శత్రువుల్లో చేరిందని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకున్నారు. నసీమున్నీసా.

"ఇప్పుడు అదే సెంటర్‌లో నర్సుగా చేరింది," అన్నాడు కర్నల్. "మనసు పక్కన పెట్టి పనిచేయగలవా?"

"మనసంటూ ఉంటే కదా సార్."

ఆ అబద్ధాన్ని కర్నల్ ఖండించలేదు.

*

రెండు రోజుల తర్వాత సుభానీ అనే గొర్రెల కాంపౌండరు గుంటూరులో బస్సు దిగాడు. యుద్ధంలో ఫిరంగి మోతకు చెవులు పోయిన మాజీ సిపాయి వేషం. లుంగీ, భుజాన తువ్వాలు, చొక్కా జేబులో సిగరెట్ పెట్టెంత యంత్రం, దాన్నుంచి చెవిలోకి ఒక తీగ. చూసినవాళ్ళకది చెవిటి మిషను. నిజానికది గైగర్ కౌంటర్. దగ్గర్లో రేడియో ధార్మిక పదార్థం ఉంటే అతని చెవిలో టిక్కుటిక్కుమంటుంది. సెంటర్‌లో మాత్రం మందుల గది వల్ల ఊరికే మోగుతుందని ఆపేసి ఉంచేవాడు.

సెంటర్‌లో అతన్ని కలవాల్సిన కాంటాక్ట్ యలమందయ్య. యాంటీబాడీకి అయొడిన్ తగిలించే కెమిస్టు. సన్నగా, తెల్లకోటు మీద మరక లేకుండా ఉంటాడు.

"ఈ ఏడు మిరపకాయకి ఘాటు తగ్గిందటగా," అన్నాడు బాషా.

"తగ్గింది ఘాటు కాదు, రంగు," అన్నాడు యలమందయ్య మెల్లగా. కోడ్ కలిసింది.

కొట్టంలో ఐదో నంబరును చూపించాడు. చెవికి రేకుబిళ్ళ, దాని మీద అంకె. పొట్టేలు బాషాను ఎగాదిగా చూసి, లుంగీ అంచు నమలడం మొదలుపెట్టింది.

అప్పుడే కొట్టం గుమ్మంలోకి నసీమ్ వచ్చింది. తెల్లచీర, చేతిలో టిఫిన్ క్యారియర్. బాషా చెయ్యి లుంగీ మడతలోని పిస్తోలు వైపు పోయింది. ఆమె అతన్ని తేరిపార చూసింది. ఆ కళ్ళు గుర్తుపట్టాయని అతనికి తెలుసు. కానీ ఆమె యలమందయ్య వైపు తిరిగి, కొత్త కాంపౌండరుకి చెవులు బొత్తిగా వినపడవా అని అడిగింది. గట్టిగా అరిస్తే తప్ప వినపడవన్నాడతను. పాపం అనుకుంటూ ఆమె డాక్టరు గది వైపు వెళ్ళిపోయింది.

తనను పట్టించి ఉంటే బాషాకు అంత మంట కలిగేది కాదు. 'పాపం' అన్న మాట మాత్రం రాత్రి దాకా గుచ్చుకుంది.

చెవిటివాడి ముందు ఎవరూ గొంతు తగ్గించరు. అది వేషంలో ఉన్న లాభం. శిక్ష కూడా అదే. రోజూ మధ్యాహ్నం నసీమ్ క్యారియర్ విప్పి డాక్టరుకు వడ్డించడం, అతను పరధ్యానంగా తింటూ ఏదో చెప్పడం, ఆమె నవ్వడం, అన్నీ కిటికీ పక్కన గడ్డి కోస్తూ బాషా వినేవాడు. బాలస్వామి అందగాడేం కాదు. బట్టతల, చెప్పులకు వేర్వేరు రంగు వారులు. ఆమెను "నసీమ్ గారూ" అని పిలిచేవాడు. ఆ 'గారూ'లో కూడా బాషాకు సరసమే వినపడింది. కొలంబోలో ఆమె తనకోసం ఒక్కనాడూ వంట చెయ్యలేదన్న సంగతి గుర్తొచ్చింది. కొడవలి వేలికి తగిలి రక్తం కారింది.

పేషెంట్ పేరు కోటిరత్నం. మిరపకాయల కొట్లో తొడిమలు తీసే మనిషి. అరికాల్లో నల్లమచ్చగా మొదలైంది జబ్బు. మచ్చ కోసేసినా తొడ మొదట్లో గడ్డ లేచింది. మొదటి డోసుకి నిమ్మకాయంత గడ్డ రేగుపండంత అయింది. రెండో డోసుకి పొట్టేలు రక్తం సోమవారం తియ్యాలి.

ఆమె వసారాలో కూర్చుని గోధుమరంగు చుక్కలు నీళ్ళలో కలుపుకుని తాగుతుంటే, అదేమిటని బాషా సైగ చేశాడు.

"అయొడిన్ సాయిబు గారూ," అని చెవి దగ్గర అరిచింది కోటిరత్నం. "ఇది తాగకపోతే డాక్టరు గారి మందంతా గొంతులో చేరి కూర్చుంటదంట. గొంతుకి అయొడినంటే అంత ఆశంట. ముందే దీంతో కడుపు నింపితే ఇంక దాని జోలికి పోదంట."

తర్వాత మామూలు గొంతుతో, అతనికి వినపడదన్న ధైర్యంతో, తనలో తను అనుకుంది. "దేవుడా, ఆ పొట్టేలుని సల్లగా సూడు. నాకింకా పిల్ల పెళ్ళి సూడాలని ఉంది."

బాషా తల దించుకుని గడ్డి కోశాడు.

*

యలమందయ్యతో మాట్లాడటం అతనికి హాయిగా ఉండేది. ఎందుకో తనే సరిగ్గా ఆలోచించలేదు. యలమందయ్య ప్రతి సాయంత్రం కొట్టానికి వచ్చి బాలస్వామి గురించి చెప్పేవాడు. గొప్ప డాక్టరేనట. కానీ ఆ నర్సు విషయంలో మనిషి మెత్తబడ్డాడట. రేడియో అయొడిన్ దాచే ఐసోటోప్ గది తాళాలు ఆమెకే ఇచ్చాడట. ఒకవేళ పొట్టేలును అమ్ముకోవాలని డాక్టరుకే ఉంటే ఎవరు ఆపగలరని నిట్టూర్చేవాడు. ప్రతి మాటా బాషాకు దాహానికి మజ్జిగలా ఉండేది. డాక్టరు మీద అనుమానమని మద్రాసుకి టెలిగ్రాం కొట్టాడు. ఆధారాలు ఏమున్నాయని జవాబొచ్చింది. బాషా దాన్ని చించేశాడు.

ఆదివారం పొద్దున్నే యలమందయ్య వచ్చాడు.

"బాషా గారూ, డాక్టరు గారూ ఆవిడా కార్లో అమరావతి పోతున్నారు. ఇద్దరే. వెస్టన్‌తో అక్కడే బేరం కుదురుతుందేమో. మీరు వెనకే వెళ్ళండి. పొట్టేలును నేను చూసుకుంటాను."

పోస్ట్ వదలకూడదన్నది మొదటి రూలు. బాషాకది బాగా తెలుసు. కానీ 'ఇద్దరే' అన్న మాట దగ్గర రూలు కాస్తా ఆవిరైపోయింది. సెంటర్ మోటార్ సైకిల్ స్టార్ట్ చేసి, డాక్టరు మోరిస్ కారు లేపిన దుమ్ములోనే వెంటపడ్డాడు. రోడ్డుకి అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. ఆ ఘాటుకి కళ్ళు మండుతున్నాయని సరిపెట్టుకున్నాడు.

అమరావతిలో వెస్టన్ లేడు. కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని డాక్టరు వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. నసీమ్ నదిని చూస్తోంది. బాషా యాత్రికుల గుంపు వెనక నక్కి, ఆమె చెయ్యి డాక్టరు చేతికి ఎంత దూరంలో ఉందో కొలుస్తున్నాడు. ఆమె తల తిప్పి, సరాసరి అతను నక్కిన చోటుకే చూసింది. ముఖంలో రక్తం లేదు. లేచి గబగబా వచ్చింది.

"నువ్విక్కడున్నావేమిటి?" అంది. "పొట్టేలు దగ్గర ఎవరున్నారు?"

"నీకెందుకు? వెస్టన్‌కి కబురు పంపడానికా?"

"ఏజెంట్ నైన్‌ని నేను. కొలంబో నుంచీ. కర్నల్‌కి తప్ప ఎవరికీ తెలీదు." ఆమె డాక్టరు వైపు ఒకసారి చూసి, కోపంగా గొంతు తగ్గించింది. "పొద్దున కాఫీలో కలపమని వెస్టన్ నా చేతికే విషమిచ్చాడు. అందుకే ఈయన్ని ఏదో వంకతో ఇక్కడికి తీసుకొచ్చాను. పొట్టేలునీ ఇవాళే ఎత్తుకుపోతారని తెలుసు. ఐనా నువ్వక్కడ ఉన్నావన్న ధైర్యంతో వచ్చాను."

బాషా మోటార్ సైకిల్ వైపు తిరిగాడు. ఆమె ఆపింది.

"లోపలి మనిషి ఒకడున్నాడు. పేరు వెస్టన్ నాకు చెప్పలేదు. మేం ఇక్కడున్నామని నీకెవరు చెప్పారు?"

"యలమందయ్య," అన్నాడు బాషా. అంటుండగానే సంగతంతా అర్థమైంది. రెండో శవం తేలితే డిపార్ట్‌మెంట్ మొత్తం గుంటూరులో దిగుతుంది. అందుకే అతన్ని చంపలేదు. అతని అసూయకి ముకుతాడు వేసి ఊరవతలికి తోలారు. పొట్టేలును తోలినంత తేలిగ్గా.

"చీరాల దగ్గర ఓడరేవు," అంది నసీమ్. "సాయంత్రం అక్కడికి పడవ వస్తుంది. అందాకా దాన్ని గొర్రెల మందలో కలిపి దాస్తారు. చెవి బిళ్ళ కోసేస్తారు. మందలో దాన్ని ఎవరూ పోల్చలేరు, నువ్వు తప్ప."

"నేను మాత్రం ఎలా పోల్చను?"

"నిన్న సాయంత్రం దానికి రేడియో అయొడిన్ ఎక్కించాను. చుక్కలు తాగించలేదు. ఈపాటికి అంతా దాని గొంతులో చేరి ఉంటుంది. డోసు ఎంతైతే ప్రమాదం లేదో డాక్టరు గారినే మాటల్లో పెట్టి కనుక్కున్నాను." ఆమె కారు వైపు తిరిగింది. "నువ్వు పోస్ట్‌లో ఉంటావని నమ్మాను. కానీ నీ సంగతీ నాకు తెలుసు కదా."

*

మోరిస్ కారు గుంటూరు దాటి, చిలకలూరిపేట దాటి, దక్షిణానికి పరుగెత్తింది. డాక్టరే నడిపాడు. నసీమ్ ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది. వెనక సీట్లో బాషా, ఇంత జరిగాక కూడా, ఆ రెండు భుజాల మధ్య ఖాళీనే చూస్తున్నాడని గ్రహించి సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు.

పర్చూరులో ఒక పొగాకు ఆరబెట్టే బ్యారన్ ముందు ఆకు గుచ్చుతున్న సుబ్బరావమ్మ అనే ముసలమ్మను అడిగారు. దొర గారి లారీ మధ్యాహ్నం చీరాల వైపు పోయిందని చెప్పింది. పొగాకు బేళ్ళ మధ్యనుంచి గొర్రె అరుపు వినపడితే, ఎవరి జీవమో ఆ ఘాటుకి చచ్చేట్టుందని జాలిపడిందట.

ఓడరేవు చేరేసరికి ఎండ పసుపుపచ్చగా వాలింది. సరుగుడు తోట అంచున పెద్ద మంద మేస్తోంది. కాపరి ఆదెయ్య పొద్దున్నే కిరాయి తీసుకుని, ఎందుకని అడగకుండా ఒప్పుకున్న మనిషి. కారులోంచి దిగిన వాళ్ళను చూసి కర్ర అక్కడే పడేసి చెట్లల్లోకి పోయాడు. మందలో సగం వాటికి తెల్లటి ఒళ్ళు, నల్లటి ముఖం. అన్నింటికీ కొత్తగా ఎర్రరంగు పూశారు. ఇసుక మీద పడవ, దాని పక్కన బేళ్ళు మోస్తున్న కూలీలు, కాస్త ఎడంగా తెల్లసూట్‌లో వెస్టన్.

నసీమ్ టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె తెరిచింది. అందులోంచి పిస్తోలు తీసుకుని వెస్టన్ వైపు నడిచింది. రోజూ బాషా ఈర్ష్యగా చూసిన క్యారియర్ అది. అతను యంత్రం మీట నొక్కి మందలోకి చొరబడ్డాడు. చెవిలో ఏమీ వినపడటం లేదు. గొర్రెలు అతని మోకాళ్ళను రాసుకుంటూ తప్పుకుంటున్నాయి. యంత్రం మూగగా ఉంది.

"అక్కడే ఆగండి బాషా గారూ."

మంద మధ్యలో యలమందయ్య నిలబడి ఉన్నాడు. తెల్లకోటు లేదు. ఒక పొట్టేలు మెడను చంకలో బిగించి, దాని గొంతుకి సిరంజి ఆనించాడు.

"ఇంకో అడుగు వేస్తే ఐదో నంబరు చస్తుంది. దాంతోపాటు కోటిరత్నం. పడవ వెళ్ళేదాకా కదలకండి. నన్ను ఎక్కనిస్తే దీన్ని వదిలేస్తాను."

బాషా ఆగాడు. ఎందుకిలా చేశావని అడిగాడు. యలమందయ్య నవ్వడానికి ప్రయత్నించాడు.

"అయొడిన్ తగిలించేది నేను. చెయ్యి ఒక్క పిసరు బెసికితే యాంటీబాడీ చచ్చిపోతుంది. ఈ పని చేయగల చెయ్యి ఇక్కడ నాదొక్కటే. రేపు పేపర్లలో ఎవరి ఫోటో వేస్తారు? ఆ రంగురంగుల చెప్పులవాడిది. మీకు తెలుసు ఆ మంట ఎలా ఉంటుందో. రోజూ మీ ముఖంలో చూశాను."

నిజమే, తెలుసు. ఆ గొంతులో బాషాకు తన గొంతే వినపడింది. ఎదుటివాడికి దక్కిన ప్రతి చిన్నదాన్నీ తన దగ్గర కొట్టేసినట్టు లెక్కేసుకునే గొంతు. ఇంకొంత కాలం పోతే తను ఎక్కడ నిలబడేవాడో కళ్ళకు కట్టింది.

అప్పుడు అతనికి ఇంకో సంగతి తోచింది. ఇంత దగ్గరగా నిలబడ్డా యంత్రం టిక్కుమనలేదు.

యలమందయ్య చంకలో ఉన్నది ఐదో నంబరు కాదు. అసలుదాన్ని ఎక్కించేదాకా తనను నిలబెట్టడానికి పట్టుకున్న వేరే పొట్టేలు.

బాషా అడుగు ముందుకు వేశాడు. యలమందయ్య కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కంగారులో సూది దించాడు. పొట్టేలు ఒక్కసారి గింజుకుని ఇసుకలో ఒరిగింది. అది పడకముందే బాషా పిడికిలి అతని దవడకు తగిలింది. మనిషి పడ్డచోటే ఉండిపోయాడు.

బాషా పడవ వైపు పరుగెత్తాడు. పది గజాలు పోయేసరికి చెవిలో ఒక టిక్కు. ఇంకొంత పోయేసరికి జొన్నలు పేలినట్టు వరస. పడవ నీళ్ళలోకి తోసేశారు. చివరి బేలును ఇద్దరు పైకి అందిస్తున్నారు. పొగాకు చుట్టే గోనెపట్టాలో ఉంది కానీ, ఆ బేలు కాళ్ళు తంతోంది. బాషా నడుము లోతు నీళ్ళలో దూకి పట్టా కొస అందుకున్నాడు. పడవలోంచి ఎవరో తెడ్డుతో భుజం మీద మోదారు. ఎముక కలుక్కుమంది. వదల్లేదు. అల వచ్చి పడవను అవతలికి లాగింది, బేలును ఇవతలికి పడేసింది. బాషా దాన్ని కౌగిలించుకుని నీళ్ళలో మునిగి లేచాడు. చెవిలో యంత్రం ఒక్కసారి గట్టిగా మోగి, ఉప్పునీళ్ళు తాగి ఆగిపోయింది.

ఒడ్డున వెస్టన్ చేతులు పైకెత్తి ఉన్నాడు. నసీమ్ కబురు మీద చీరాల నుంచి కర్నల్ పంపిన పోలీసు జీపులు ఎప్పటిలాగే అన్నీ అయిపోయాక వచ్చాయి. నాగూర్ వలిని కాలువలోకి తోసింది తనేనని వెస్టన్ డ్రైవరు ఆ రాత్రే ఒప్పుకున్నాడు.

*

సోమవారం అనుకున్న ప్రకారం రక్తం తీశారు. అయొడిన్ తగిలించే పని డాక్టరే చేశాడు. రెండుసార్లు పాడై, మూడోసారి కుదిరింది. బయటికొచ్చి చెమట తుడుచుకుంటూ, యలమందయ్య చెయ్యి తిరిగినట్టు తన చెయ్యి తిరగదన్నాడు. వెళ్ళి వసారాలో బాషా పక్కన కూర్చున్నాడు.

"ఒక్కమాట అడిగి ఉంటే రీసెర్చ్ పేపర్ మీద ఆయన పేరే ముందు పెట్టేవాణ్ణి," అన్నాడు చివరికి. "నాకు తట్టలేదు బాషా గారూ. నాకు తట్టాల్సింది."

కోటిరత్నం రెండో డోసు తీసుకుంది. ఎండలు ముదిరే నాటికి తొడ మొదట్లో గడ్డ వేలికి కష్టం మీద అందేంత చిన్నదైంది. జబ్బు మళ్ళీ రాదని డాక్టరు చెప్పలేదు, ఆమె అడగలేదు. మిరపకాయల కొట్టుకి వెళ్ళి తొడిమలు తీయడం మొదలుపెట్టింది. కూతురికి పొన్నూరు సంబంధం ఖాయమైంది.

భుజానికి కట్టుతో బాషా సెంటర్‌లోనే ఉండిపోయాడు. పొట్టేలుకు కాపలా ఇంకో ఏడాది పొడిగిస్తున్నట్టు కర్నల్ టెలిగ్రాం ఇచ్చాడు. నసీమ్‌ను కూడా అక్కడే ఉండమన్నాడు. అమరావతి మెట్ల మీద డాక్టరు అంతసేపు ఏం మాట్లాడాడని ఒకరోజు బాషా అడిగాడు. గొర్రెల కాలేయం గురించని చెప్పిందామె. మూడు రకాల పురుగుల పేర్లు కూడా చెప్పింది. అబద్ధానికి అన్ని వివరాలుండవని అతనికి నమ్మకం కుదిరింది. కొలంబోలో ఆగిపోయిన నిఖా మాటలు నెమ్మదిగా మళ్ళీ మొదలయ్యాయి. డాక్టరు మీద అసూయ పూర్తిగా పోయింది.

కాకపోతే రక్తం తీసే రోజుల్లో ఐదో నంబరు బెదరకుండా ఉండాలని నసీమ్ దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గర ముఖం పెట్టి, పూటంతా ఏవో కబుర్లు చెబుతుంది. పొట్టేలు కళ్ళు సగం మూసుకుని బాషా వంక చూస్తుంది. అది తన వంక చూస్తూ మిడిసిపడుతోందని డిపార్ట్‌మెంట్‌కి రిపోర్ట్ చేయాలా వద్దా అని బాషా ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.